కోడింగూ గేమింగూ ఒకే పీసీలో: మదర్‌బోర్డు ఏది తీసుకోవాలి?

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ప్రాసెసర్ ఫిక్స్, గ్రాఫిక్స్ కార్డు ఫిక్స్. బోర్డు దగ్గరే వారం నుంచి ఆగిపోయాను" అన్నాడు. ఏడు బోర్డుల పేర్లతో ఒక ఎక్సెల్ షీటు కూడా పంపాడు. పగలు ఆండ్రాయిడ్ యాప్‌లు రాసుకుంటాడు, రాత్రయితే వాలరెంట్ గేమ్. ఆ ఏడింటిలో ఏది కొన్నా గేమ్‌లో ఫ్రేములు దాదాపు ఒకేలా వస్తాయిరా అంటే వాడికి నమ్మకం కుదరలేదు.

కానీ విషయం అదే. ప్రాసెసర్‌కి కరెంటు సరిగ్గా అందించగలిగితే చాలు, పధ్నాలుగు వేల బోర్డుకీ నలభై వేల బోర్డుకీ గేమ్‌లో కంటికి కనిపించే తేడా ఉండదు. బోర్డు తేల్చేది వేరే సంగతి: రెండేళ్ల తర్వాత ఈ పీసీకి ఇంకేం తగిలించుకోవచ్చు, ఏది కావాలంటే మళ్లీ మొత్తం విప్పాలి అన్నది. కనక బోర్డు మీద అదనంగా పెట్టే ప్రతి వెయ్యి రూపాయలూ గ్రాఫిక్స్ కార్డు జేబులోంచో, ర్యామ్ జేబులోంచో పోతున్నాయని లెక్కేసుకునే చూడండి.

## ముందు వేటిని చూడాలి

సాకెట్. ప్రాసెసర్ కూర్చునే చోటు. ఇది తేలితే సగం లిస్టు దానంతటదే ఎగిరిపోతుంది. ఏఎండీ ఏఎం5 సాకెట్‌ని 2022లో తెచ్చింది, 2027 వరకూ, ఆ తర్వాత కూడా నడుపుతామని చెప్పింది. అంతకు ముందుది ఏఎం4. 2017లో రైజెన్ ప్రాసెసర్లతో జనంలోకి వచ్చిన ఆ సాకెట్‌కి 2024లో కూడా కొత్త చిప్‌లు విడుదలయ్యాయి. ఇంటెల్‌ది మరో పద్ధతి. ఎల్‌జీఏ1200 రెండు తరాలు నడిచింది, ఎల్‌జీఏ1700 మూడు తరాలు (12, 13, 14). మూడు నాలుగేళ్లకోసారి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఈ తేడా పెద్దదే. మీరు ఒకసారి కొంటే ఆరేళ్లు ముట్టుకోని రకమైతే దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

వీఆర్ఎం. పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒక వోల్టుకి కాస్త అటూ ఇటూ. ఆ దించే పని చేసేదే వీఆర్ఎం, సాకెట్ పక్కన వరసగా కనిపించే చిన్న చిన్న చదరాలు. పని ఎక్కువైతే అవి కాలిపోయేంత వేడెక్కుతాయి. వాటిని కాపాడుకోవడానికి బోర్డు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది.

గేమర్ల కంటే ప్రోగ్రామర్లకే ఇది ఎక్కువ పట్టించుకోవాల్సిన విషయం. చాలా గేమ్‌లు కోర్లన్నిటినీ పూర్తిగా వాడవు. పెద్ద ప్రాజెక్టు కంపైల్ (రాసిన కోడుని నడిచే ప్రోగ్రాంగా మార్చడం) అలా కాదు, ఉన్న కోర్లన్నీ నూటికి నూరు శాతం, నిమిషాల తరబడి. నేనొకసారి డబ్బు మిగులుతుంది కదా అని వీఆర్ఎం మీద హీట్‌సింక్ కూడా లేని చౌక బోర్డు మీద పన్నెండు కోర్ల రైజెన్ 9 3900ఎక్స్ పెట్టాను. "ఏ బోర్డయినా ఒకటే అన్నా" అని షాపాయన అంటే తలూపి తెచ్చుకున్నాను, ఆ తప్పులో సగం నాదే. డిసెంబరులో ఏ తేడా తెలియలేదు. మే నెలలో, డాబా కింద గదిలో, ఏసీ లేకుండా కంపైల్ మొదలుపెడితే మూడో నిమిషానికి క్లాకు స్పీడు సగానికి పడిపోయేది. చివరికి కేసు మూత తీసి టేబుల్ ఫ్యాన్ అటు తిప్పి పెట్టుకుని ఆ వేసవి గడిపాను.

డబ్బా మీద "12+2 ఫేజులు" లాంటి అంకెలు చూసి మురిసిపోకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. సాకెట్‌కి రెండు వైపులా గట్టి లోహపు హీట్‌సింక్ ఉందా, మీరు పెట్టబోయే ప్రాసెసర్‌తోనే ఎవరైనా ఆ బోర్డుని అరగంట బాది వేడి కొలిచారా అన్నవి చూడండి. రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల చిప్‌కి మామూలు బోర్డు చాలు. 7950ఎక్స్ 230 వాట్ల దాకా లాగుతుంది, ఐ7-14700కే 253 వాట్ల దాకా. వాటికి మాత్రం పిసినారితనం పనికిరాదు.

ర్యామ్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నాలుగు స్లాట్లున్న బోర్డు కొని, ఇప్పుడు రెండు స్టిక్కులు, తర్వాత ఇంకో రెండు అనుకుంటారు. డీడీఆర్4 (పాత తరం ర్యామ్, ఇప్పటిది డీడీఆర్5) రోజుల్లో ఆ ప్లాను బాగానే పనిచేసింది. ఏఎం5 మీద అదే చేస్తే చేతులు కాలతాయి. రైజెన్ 9000కి ఏఎండీ హామీ ఇచ్చే వేగం రెండు స్టిక్కులైతే 5600, నాలుగైతే 3600. అందరూ చెప్పే 6000 స్పీడు రెండు స్టిక్కులతో, బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రాం) ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని దాని డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేసి తెచ్చుకునేది. నాలుగు పెట్టి అదే వేగం కావాలంటే బూట్ అయితే అదృష్టం, కాకపోతే అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి ఎంత కావాలో మొదటే తేల్చుకుని రెండు స్టిక్కుల్లోనే కొనండి. ఎడిటర్, డాకర్, ఎమ్యులేటర్, ముప్పై ట్యాబుల బ్రౌజరు కలిపి నడిపేవాళ్లకి 32 జీబీ సరిపోతుంది. వర్చువల్ మెషీన్లు (పీసీ లోపల ఇంకో పీసీలా నడిచేవి) రెండు మూడు ఎప్పుడూ తెరిచి ఉంచుతారా, 64కి వెళ్లండి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశానికంటాక ఈ సలహా ఇవ్వడానికి నాకూ నోరు రావట్లేదు గానీ, సాంకేతికంగా ఇందులో మార్పేం లేదు.

ఎం.2 స్లాట్లు. ఎస్‌ఎస్‌డీలు గుచ్చే చోట్లు. విండోస్, లైనక్స్ రెండూ వాడేవాళ్లకి నా మాట ఒకటే: రెండు వేరు వేరు ఎస్‌ఎస్‌డీలు పెట్టుకోండి. ఒకే డిస్కులో రెండూ ఉంటే ఏదో ఒక విండోస్ అప్‌డేట్ రోజున లైనక్స్ బూట్ కాకుండా కూర్చుంటుంది. కనక కనీసం రెండు ఎం.2 స్లాట్లుండాలి. మాన్యువల్లో చిన్న అక్షరాల్లో ఉండే గమనిక కూడా చదవండి. కొన్ని బోర్డుల్లో రెండో స్లాటు వాడితే ఫలానా సాటా పోర్టులు (పాత రకం డిస్కులు తగిలించేవి) పనిచేయవని అక్కడే రాసి ఉంటుంది.

గ్రాఫిక్స్ స్లాటు. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 5060 లాంటి కార్డులు చూడ్డానికి పొడుగాటి స్లాటులో కూర్చున్నా వాడుకునేది 8 లేన్లే (డేటా వెళ్లే దారులు), పూర్తి స్లాటుకి 16 ఉంటాయి. బోర్డుల్ని వాటి చిప్‌సెట్ (ప్రాసెసర్‌కీ మిగతా పోర్టులకీ మధ్య ఉండే చిప్) పేరుతోనే పిలుస్తారు. బి450, ఏ520 బోర్డుల్లో ఆ స్లాటు పీసీఐఈ 3.0 (పీసీఐఈ అంటే కార్డులకీ ఎస్‌ఎస్‌డీలకీ ఉండే డేటా దారి, అంకె పెరిగేకొద్దీ వేగం). అంటే దారి ముందే ఇరుకు, పైగా సగం. 8 జీబీ వీడియో మెమరీ నిండిపోయిన గేముల్లో అక్కడ కుదుపులు తెలుస్తాయి. పీసీఐఈ 4.0 ఉంటే సమస్య లేదు. 5.0 కోసం ఇప్పుడు అదనంగా డబ్బు పెట్టడం దండగ.

వైఫై గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పీజీలోనో హాస్టల్లోనో ఉంటే వైఫై ఉన్న మోడల్ తీసుకోండి, ఇంట్లో రూటర్ పక్కనే పీసీ ఉంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. లైనక్స్ వాడేవాళ్లు మాత్రం వైఫై చిప్ ఏదో కనుక్కోవాలి. వైఫై 7 చిప్‌లకి కొత్త కెర్నల్ కావాలి, పాత డిస్ట్రోలో అసలు కనిపించకపోవచ్చు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

ధరలు ఉజ్జాయింపు మాత్రమే. రేపు షాపుకెళ్తే వేరేగా ఉండొచ్చు.

| బోర్డు | సాకెట్ | ర్యామ్ | సుమారు ధర (వేలల్లో) | తర్వాత ప్రాసెసర్ మార్చుకునే దారి |
|---|---|---|---|---|
| బి550 | ఏఎం4 | డీడీఆర్4 | 9–13 | దాదాపు మూసుకుపోయింది |
| హెచ్610 | ఎల్‌జీఏ1700 | 4 లేదా 5 | 6–8 | 14వ తరం వరకే, బోర్డు బలం తక్కువ |
| బి760 | ఎల్‌జీఏ1700 | 4 లేదా 5 | 11–18 | 14వ తరం వరకే |
| ఏ620 | ఏఎం5 | డీడీఆర్5 | 8–11 | ఉంది, చిన్న చిప్‌లకే |
| బి650, బి850 | ఏఎం5 | డీడీఆర్5 | 13–25 | బాగా ఉంది |
| ఎక్స్870, ఎక్స్870ఈ | ఏఎం5 | డీడీఆర్5 | 25 పైన | బాగా ఉంది |
| బి860, జెడ్890 | ఎల్‌జీఏ1851 | డీడీఆర్5 | 16 పైన | ఇంటెల్ అలవాటు చూస్తే తక్కువే |

### బి550: ఇంట్లో డీడీఆర్4 ఉంటేనే

పాత పీసీలోంచి 16 లేదా 32 జీబీ డీడీఆర్4 చేతిలో ఉంటే, ర్యామ్ ధరలు ఇలా ఉన్నప్పుడు బి550 మీద రైజెన్ 5 5600 గానీ 5700ఎక్స్ గానీ పెట్టుకోవడం తెలివైన పనే. మొత్తం కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పను. 5700ఎక్స్3డీ లాంటి గేమింగ్ చిప్‌లు ఇప్పుడు కొత్తవి దొరకడమే కష్టం, అంటే పైకెక్కే మెట్లు అయిపోయాయి. ఇంకో ఇబ్బంది, 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, కేబుల్ పెడతారు, ఏమీ రాదు. గ్రాఫిక్స్ కార్డు సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన రోజున పనీ ఆగిపోతుంది. ఏఎం5 చిప్‌ల్లో పేరు చివర ఎఫ్ లేనివాటికి దాదాపు అన్నిటికీ చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుంది. గేములు ఆడలేం గానీ కోడు రాసుకోవడానికి, తెర వెలగడానికి చాలు.

### హెచ్610, బి760: 12400ఎఫ్ వాళ్ల దారి

మన దగ్గర తక్కువ బడ్జెట్ పీసీ అనగానే ఐ5-12400ఎఫ్ పేరే వినిపిస్తుంది. ఆ చిప్ మంచిదే. దాన్ని హెచ్610 మీద పెడితే ర్యామ్ స్లాట్లు రెండే, ఎం.2 ఎక్కువగా ఒక్కటే, అదీ జెన్ 3, అంటే పీసీఐఈ 3.0. డ్యూయల్ బూట్ చేసే ప్రోగ్రామర్‌కి ఇరుకు. నాలుగు వేలు కలిపి బి760కి వెళ్తే ఆ ఇరుకు పోతుంది. కానీ ఆ నాలుగు వేలు కలిపాక ఏఎం5 కూడా పెద్ద దూరంలో ఉండదు, అందుకే ఈ దారి నాకు అంత నచ్చదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకే పేరుతో డీడీఆర్4 బోర్డూ ఉంటుంది, డీడీఆర్5 బోర్డూ ఉంటుంది, తేడా పేరు చివర చిన్న గుర్తు మాత్రమే. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు. ఇక 13, 14 తరాల పెద్ద చిప్‌ల్లో వోల్టేజీ ఎక్కువై చిప్ పాడయ్యే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్‌కి లోపల దారి చెప్పే కోడు) సవరణ విడుదల చేసి వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటి చిప్ సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తోందంటే రెండుసార్లు ఆలోచించండి. 12వ తరానికి ఈ గొడవ లేదు.

### ఏ620: షరతులతో

65 వాట్ల చిప్, ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక గ్రాఫిక్స్ కార్డు. ఇంతకు మించి ఎప్పటికీ అడగను అనేవాళ్లకి ఇది చాలు. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (చెప్పిన వేగం కంటే ఎక్కువగా నడపడం) ఉండదు, దాంతో నష్టమేం లేదు. వీఆర్ఎం మీద హీట్‌సింక్ లేనివి మాత్రం కొనకండి, టేబుల్ ఫ్యాన్ కథ గుర్తు తెచ్చుకోండి.

### బి650, బి850: ఎక్కువమంది ఇక్కడ ఆగిపోవచ్చు

నన్ను అడిగితే పదిమందిలో ఏడుగురికి ఇదే. రెండు మూడు ఎం.2 స్లాట్లు, గ్రాఫిక్స్‌కి పీసీఐఈ 4.0, ఎనిమిది కోర్ల చిప్‌కి బెదరని వీఆర్ఎం. ఈ రోజు 7600 పెట్టి, మూడేళ్ల తర్వాత అప్పటి ఎక్స్3డీ చిప్‌కి మారొచ్చు. బి850లో ఎం.2కి పీసీఐఈ 5.0 తప్పనిసరిగా ఉంటుంది, బి650లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మామూలు వాడకంలో జెన్ 4 ఎస్‌ఎస్‌డీకీ జెన్ 5కీ తేడా కనిపెట్టడం కష్టం, ప్రాజెక్టు తెరుచుకునే టైము ఒకేలా ఉంటుంది. ధర తక్కువ ఉన్నదే తీసుకోండి.

బి840 అని ఇంకోటి ఉంది, జాగ్రత్త. పేరు బి850కి అన్నదమ్ముడిలా వినిపిస్తుంది, నిజానికి ఏ620కి దగ్గర చుట్టం.

ఈ వర్గంలో నేను వదులుకోని సౌకర్యం బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. బి650 బోర్డులు 2022లో వచ్చాయి, రైజెన్ 9000 వచ్చింది 2024 ఆగస్టులో. షాపులో పాత స్టాకు డబ్బాలో పాత బయోసే ఉంటే కొత్త చిప్‌ని అది గుర్తుపట్టదు. ఈ బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఫైలు పేరు మాన్యువల్ చెప్పినట్టు మార్చాలి, వెనక గుర్తు పెట్టిన పోర్టులోనే గుచ్చాలి. లైటు మిణుకుతూ ఉన్నంతసేపు కరెంటు పోకూడదు. మా వీధిలో కరెంటు సంగతి తెలుసు కాబట్టి నేనైతే యూపీఎస్ మీద పెట్టే చేస్తాను.

### ఎక్స్870, ఎక్స్870ఈ: కారణం ఉంటేనే

యూఎస్‌బీ4 కచ్చితంగా కావాలంటే, 16 కోర్ల చిప్ మీద రోజంతా బిల్డులు నడిపేవాళ్లయితే, పరవాలేదు. ఎక్స్870లో చిప్‌సెట్ ముక్క బి650లో ఉన్నదే, పేరుకి పెద్దది. యూఎస్‌బీ4 ఊరికే రాదు. ప్రాసెసర్ లేన్లలో నాలుగింటిని అది తీసుకుంటుంది, చాలా బోర్డుల్లో రెండో ఎం.2 దాంతో పంచుకోవాలి. ముప్పై వేలు పోసి రెండో ఎస్‌ఎస్‌డీ సగం వేగంతో నడుస్తోందని తర్వాత తెలిస్తే బాధగా ఉంటుంది.

### బి860, జెడ్890

కోర్ అల్ట్రా 200 చిప్‌లు కంపైల్, రెండరింగ్ లాంటి పనుల్లో గట్టివే. గేముల్లో మాత్రం విడుదలైనప్పుడు తమ ముందు తరాన్నే దాటలేకపోయాయి. ఆఫీసు పనే ప్రధానం, గేము ఆదివారం పూట అన్నవాళ్లకి మంచి ఆఫరు దొరికితే చూడొచ్చు. బి860లో పేరు చివర కే ఉన్న చిప్‌ల ఓవర్‌క్లాకింగ్ ఉండదు, దానికి జెడ్ బోర్డే కావాలి.

## మీరు ఏ రకం?

కాలేజీ స్టూడెంటు, మొత్తం బడ్జెట్ అరవై డెబ్బై వేలు: ఏ620 లేదా చవగ్గా దొరికే బి650, మిగిలిందంతా గ్రాఫిక్స్ కార్డుకి. ఇంట్లో డీడీఆర్4 ఉంటే బి550.

ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచి కోడ్ రాసేవాళ్లు, సాయంత్రం గేములు: బి650 లేదా బి850, రెండు ఎం.2లు, ఫ్లాష్‌బ్యాక్ బటన్, 32 జీబీ రెండు స్టిక్కుల్లో. ఇంకేం వెతక్కండి.

వర్చువల్ మెషీన్‌కి రెండో గ్రాఫిక్స్ కార్డు అప్పజెప్పే ప్రయోగాలు చేసేవాళ్లు: మీకు చిప్‌సెట్ పేరు కంటే ఐఓఎంఎంయూ గ్రూపులు (ఏ కార్డుని విడిగా అప్పజెప్పొచ్చో తేల్చే విభజన) ముఖ్యం. అవి బోర్డు బోర్డుకీ మారతాయి, డబ్బా మీద రాయరు. అదే మోడల్ వాడుతున్నవాళ్ల లిస్టింగ్ చూడకుండా కొనకండి. సైజు కూడా ఏటీఎక్స్ తీసుకోండి. మైక్రో ఏటీఎక్స్‌లో లావు గ్రాఫిక్స్ కార్డు పెడితే కింది స్లాట్లు దాని కిందే నలిగిపోతాయి. మిగతా అందరికీ మైక్రో ఏటీఎక్సే చాలు.

## షాపు దగ్గర

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, డబ్బా అక్కడే తెరిపించండి. ఏఎం5, ఎల్‌జీఏ1700 రెండింట్లోనూ పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి. ఏఎం5లో 1718. సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే మెరుపు వరి మడిలా ఒకే వైపు వాలుతుంది, ఒక్కటి వంగినా ఆ చోట నల్ల చుక్కలా కనిపిస్తుంది. ఇంటికొచ్చాక చూసి "ఇది ముందే ఇలా ఉంది" అంటే ఎవరూ ఒప్పుకోరు, పిన్నులు వంగితే వారంటీ కూడా మామూలుగా వర్తించదు. మీ ఊరికి దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో కూడా అప్పుడే అడిగేయండి. మూడేళ్ల వారంటీ కాగితం మీద ఉన్నా బోర్డు కొరియర్లో వెళ్లి రావాలంటే ఆ రోజులన్నీ పీసీ లేకుండా గడపాల్సిందే.

మావాడు చివరికి షీటులో మూడో వరసలో ఉన్న బి650 మైక్రో ఏటీఎక్స్ బోర్డే కొన్నాడు, రైజెన్ 5 9600ఎక్స్, ఆర్‌టీఎక్స్ 5060తో. ఫ్లాష్‌బ్యాక్ అయ్యింది. ఆన్ చేశాక తెర నల్లగా ఉండిపోయి, ర్యామ్ దగ్గర లైటు వెలుగుతూ ఉందని మళ్లీ ఫోన్. "బోర్డు పోయినట్టుంది అన్నయ్యా." ఏమీ ముట్టుకోవద్దు, టీ పెట్టుకో అన్నాను. ఏఎం5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని కొలుచుకుని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ మధ్యలో పవర్ తీసేస్తే మళ్లీ మొదటి నుంచే. టీ మరిగేలోపు లోగో వచ్చింది.

మర్నాడు ఎమ్యులేటర్ తెరుచుకోలేదు. బయోస్‌లో ఎస్‌వీఎం మోడ్ (ఎమ్యులేటర్లు, వర్చువల్ మెషీన్లు నడవడానికి కావాల్సిన సెట్టింగు) ఆఫ్‌లో ఉంది, ఇంటెల్ బోర్డయితే వీటీ-ఎక్స్ అని వెతకాలి. ఆ రాత్రే వాలరెంట్ మొరాయించింది, విండోస్ 11 మీద దానికి టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్), సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని బూట్ సమయంలో ఆపే తనిఖీ) రెండూ ఆన్‌లో ఉండాలి. అదీ ఆన్ చేశాడు. మూడో రోజు ఉబుంటులో ఎన్‌విడియా డ్రైవరు వేసి రీస్టార్ట్ చేస్తే నీలం తెర ఒకటి వచ్చిందట, అదేంటో తెలియక "కంటిన్యూ" నొక్కేశాడట, అప్పట్నుంచీ డ్రైవరు లోడ్ కావట్లేదట. సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు ఆ తెర మీద "ఎన్‌రోల్ మోక్" (డ్రైవరు సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, డ్రైవరు వేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డే ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్ ఏం పెట్టావురా అంటే, "ఏదో పెట్టాను" అన్నాడు. డ్రైవరు తీసేసి మళ్లీ వేయమన్నాను.